బావగారు అమెరికా నుంచి వస్తున్నారు: పైపు పొగాకు టిన్నుల్లో తెమ్మనాలా, లూజుగా తెమ్మనాలా?

బ్రాడీపేట బావమరిది
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. రాత్రి భోజనం అయ్యాక మేడ మీద కూర్చుని ఒక్క పైపు కాల్చే అలవాటు, అంతకు మించి లేదు. ఊళ్లో దొరికేవి ఒకటో రెండో రకాల పౌచ్‌లు. అవి కూడా ఎప్పటి సరుకో తెలీదు. విప్పితే ఒకసారి ఎండు తుక్కు, ఇంకోసారి జిగురు జిగురుగా ముద్ద.

వచ్చే నెల మా అక్కా బావగారూ డల్లాస్ నుంచి వస్తున్నారు. ఏం కావాలో చెప్పమన్నారు. వాళ్ల ఊళ్లో ఓ కొట్లో పెద్ద పెద్ద గాజు సీసాల్లోంచి తీసి, తూచి, జిప్ కవర్లో పోసి ఇస్తారట. టిన్ను కన్నా బాగా చౌక. బావగారేమో "ఒక పౌను తెచ్చేస్తాను, ఏడాది గడిచిపోతుంది" అంటున్నారు. నాకేమో మన ఎండలు, మన వానలు తల్చుకుంటే భయం. పెద్దలు చెప్పండి.


గవర్నర్‌పేట గురువు
శనివారం, రాత్రి 9:58

టిన్ను. ఇందులో ఆలోచించడానికేముంది? గాలి తీసేసి సీలు వేసిన డబ్బా, మీరు మూత తీసేదాకా లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. విజయవాడలో మే నెలలో జిప్ కవరు పెట్టి చూడండి, వారానికల్లా లోపల ఉన్నది పొగాకో ఎండిన కరివేపాకో పోల్చుకోలేరు.


లూజు లింగం
శనివారం, రాత్రి 10:20

గురువుగారూ, కవర్లో పెట్టమని ఎవరన్నారండీ? కవరు కొట్టు నుంచి ఇంటిదాకా తెచ్చుకోవడానికి. ఇంటికి రాగానే గాజు సీసాలోకి మార్చాలి. ఆ ఒక్క పని చేస్తే లూజుకు వచ్చిన లోటేమీ లేదు.

లూజులో ఇంకో సుఖం ఉంది. ఐదు రకాలు ఔన్సు చొప్పున కొని, ఏది నోటికి పడుతుందో చూసుకోవచ్చు. టిన్నంటే 50 గ్రాములు, నచ్చకపోయినా అయిపోయేదాకా కాల్చాల్సిందే. అమెరికాలో లేన్ కంపెనీ 1-క్యూ అనే రకం ఉంది, వెనిల్లా వాసన. అక్కడ జనం దాన్ని ఎక్కువగా లూజుగానే కొంటారు. తక్కువరకం కాబట్టి కాదు, దాన్ని అమ్మే పద్ధతే అది.


ఆకు బాబాయ్
ఆదివారం, ఉదయం 6:15

నేను ఉద్యోగమంతా ఆకు కంపెనీలోనే చేశాను, ఇప్పుడు రిటైరై కొరిటెపాడులో ఉంటున్నాను. గుంటూరులో ఉండి పొగాకు నిల్వ గురించి డల్లాస్ కొట్టువాణ్ని అడగడం ఏందయ్యా! పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం 1976 నుంచి మన ఊళ్లోనే ఉందాయె.

టిన్నా లూజా అన్నది తర్వాత. ముందు చూడాల్సింది పదును, అంటే ఆకులో సరిపడా తేమ. బ్యారన్‌లో, అంటే వేడి పెట్టి ఆకును ఆరబెట్టే కొట్టంలో, కాల్చిన ఆకును వెంటనే ముట్టుకుంటే పొడిపొడి అయిపోతుంది. తలుపులు తీసి రాత్రిగాలి తగలనిస్తారు, ఆకు కాస్త తేమ పీల్చి మెత్తబడి పదునుకొచ్చాకే కర్రల మీంచి దింపుతారు. తర్వాత కంపెనీలో ఈనె తీసి, మళ్లీ ఆరబెట్టి, తేమ 11 లేక 12 శాతానికి తెచ్చి, సుమారు 200 కిలోల అట్టపెట్టెల్లో బిగించి గోడౌన్లో పెడతారు. ఒకటి రెండేళ్లు అలా ఉంటే ఘాటు తగ్గి, ఆకు తియ్యబడుతుంది. ఆ తేమ 15 దాటిందంటే పెట్టె లోపల వేడెక్కి బూజు పడుతుంది. అందుకే గోడౌన్లో మాకు నిద్ర ఉండేది కాదు.

పైపు పొగాకు దీనికన్నా తడిగా వస్తుంది. రకాన్ని బట్టి 13 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. తడి ఎక్కువైన కొద్దీ దాన్ని గాలి నుంచి, వేడి నుంచి కాపాడుకోవాలి. గాలి తగలని టిన్నులో ఉన్నా, సీసాలో ఉన్నా ఆకుకు తేడా తెలీదు. కాబట్టి గురువుగారు చెప్పిందీ నిజమే, లింగం చెప్పిందీ నిజమే. కవర్లో వదిలేసిన లూజు, మూత తీసి పక్కన పెట్టిన టిన్ను, ఈ రెండే పాడయ్యేవి.


గన్నవరం గేటు
ఆదివారం, ఉదయం 8:05

అయ్యా, పదునులూ తేమలూ తర్వాత. పౌను తెస్తారా? పౌనంటే 453 గ్రాములు. విమానంలో వచ్చేవాళ్లకి సుంకం లేకుండా అనుమతించేది 125 గ్రాముల పొగాకు, లేదా 100 సిగరెట్లు, లేదా 25 చుట్టలు. మూడూ కలిపి కాదు, ఏదో ఒకటే. పైన తెచ్చిందంతా కస్టమ్స్ వాళ్ల రెడ్ చానల్లో చెప్పి సుంకం కట్టాలి. పొగాకు మీద సుంకం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆ చౌక అంతా అక్కడే ఆవిరైపోతుంది.

అమెరికా టిన్ను 2 ఔన్సులు, అంటే 57 గ్రాములు. రెండు టిన్నులు 114. ఐరోపా టిన్ను 50 గ్రాములు, రెండు కలిపి 100. అంటే మనిషికి రెండు టిన్నులు. మీ అక్కగారికీ వేరే లెక్క ఉంటుంది కాబట్టి ఆవిడ పెట్టెలో ఇంకో రెండు. ఇద్దరి లెక్కా కలిపి ఒకరి పెట్టెలో పెడితే మాత్రం కుదరదు, అలా కలపడం నిబంధనల్లో లేదు.


బ్రాడీపేట బావమరిది
ఆదివారం, ఉదయం 8:30

గేటుగారూ, మీకు దణ్ణం. ఈ సంగతి బావగారికీ తెలీదు, నాకూ తెలీదు. పౌను కథ అక్కడితో అయిపోయింది. అక్క పెట్టెలో పొగాకు పెట్టమని అక్కని ఎవరడుగుతారన్నది వేరే సమస్య.

ఇప్పుడు నాలుగు టిన్నులా, లేక 125 గ్రాముల లూజు రెండు పొట్లాలా?


లంకాకు
ఆదివారం, ఉదయం 10:10

ఈ గొడవంతా దేనికి? మన నేలలో పండిన పొగాకు ప్రపంచమంతా కొనుక్కుపోతుంటే మనం డల్లాస్ నుంచి తెప్పించుకోవడమా? జంగారెడ్డిగూడెం వైపు తెలిసిన రైతు దగ్గర నాలుగు కిలోల వర్జీనియా ఆకు తెచ్చుకుని, సన్నగా తరుక్కుని పైపులో దట్టించండి. లేదా గోదావరి లంకాకు. మా తాత చుట్ట చుట్టుకునేవాడు, ఆకు కట్ట అటక మీద ఉండేది. ఏ టిన్నూ లేదు, ఏ సీసా లేదు.


ఆకు బాబాయ్
ఆదివారం, మధ్యాహ్నం 12:40

లంకాకు తమ్ముడూ, ముందు చట్టం సంగతి. బ్యారన్ వర్జీనియా పండించే రైతు బోర్డులో పేరు నమోదు చేసుకుని, బోర్డు వేలం కేంద్రంలోనే అమ్మాలి. మన రాష్ట్రంలో 1985 నుంచి ఇదే పద్ధతి. నీకు నాలుగు కిలోలు ఇచ్చి ఆ రైతు ఎందుకు ఇరుక్కోవాలి?

ఇక రుచి సంగతి. ఒక్క వర్జీనియానే, అదీ నిల్వ మాగకుండా, పైపులో కాలిస్తే నాలుక చురుక్కుమంటుంది. అందులో చక్కెర ఎక్కువ, వేడిగా మండుతుంది. అందుకే మిశ్రమం చేసేవాళ్లు బర్లీ అనే ఇంకో రకం పొగాకు కలుపుతారు. ఇంకొందరు లూసియానాలో పీపాల్లో నొక్కిపెట్టి పులియబెట్టే పెరీక్ కలుపుతారు. కొందరు కట్టెపొగ పట్టించిన లటాకియా కలుపుతారు. ఆ తర్వాత ఆవిరి, ఒత్తిడి, కోత. ఇదంతా కత్తిపీట మీద అయ్యే పని కాదు. లంకాకు దారి వేరు, అది ఎండకీ గాలికీ ఆరిన ఆకు, చుట్టకే బాగుంటుంది. పైపులో దట్టిస్తే రెండు దమ్ములకే తల తిరుగుతుంది.

మీ తాతగారి కట్ట అటక మీద బతికిందంటే అది ఎండుటాకు కాబట్టి. చుట్ట చుట్టే ముందు నీళ్లు చిలకరించి పదును చేసుకునేవారు కదూ? పైపు పొగాకు ముందే తడిపి, తీపీ వాసనా పట్టించి వచ్చిన సరుకు. దాన్ని అటక ఎక్కించొద్దు. పైన శ్లాబు కాగి, అటక పొయ్యి మీద పెనంలా ఉంటుంది.


తెల్లకోటు
ఆదివారం, మధ్యాహ్నం 1:25

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటాను. పైపు పొగ మింగకపోయినా పెదవి, నాలుక, గొంతు క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. సిగరెట్ కన్నా మేలు అనుకోవడం పొరపాటు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్ల అంగిలి ఎలా అయిపోతుందో చదువుకునే రోజుల్లో కళ్లారా చూశాను. నోట్లో మానని పుండో, తెల్ల మచ్చో రెండు వారాలు దాటి ఉంటే చూపించుకోండి. మానేస్తానంటే నిల్వ సమస్య కూడా తీరిపోతుంది. అంతే, ఇక మీ చర్చ మీది.


గవర్నర్‌పేట గురువు
ఆదివారం, మధ్యాహ్నం 1:50

డాక్టరుగారు చెప్పింది వినాల్సిందే. ఏటా ఉగాదికి నేను మానేస్తాను, మా ఆవిడ నడగండి.

బావమరిదిగారూ, మీ ప్రశ్నకి: నాలుగు టిన్నులే. విమానంలో లూజు కవరు చిరిగితే సూట్‌కేసు అంతా అదే వాసన, ఇక మీ అక్క జన్మలో తేదు. పైగా టిన్ను మీద బరువు అచ్చేసి ఉంటుంది, గేటు దగ్గర వాదన ఉండదు.


గన్నవరం గేటు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఆ చివరి మాట బంగారం. పేరూ బరువూ లేని కవర్లో ఎండాకు ముక్కలు కనబడితే, అది ఏ ఆకో తేల్చుకునేదాకా మీ బావగారిని కూర్చోబెడతారు.


లూజు లింగం
ఆదివారం, సాయంత్రం 5:30

సరే, ఈ ప్రయాణానికి టిన్నులకే నా ఓటు. అయితే టిన్ను దేవుడేమీ కాదు. కొన్ని ఇంగ్లండ్ నలుచదరపు టిన్నులకి సీలు బలంగా ఉండదు, మూలల్లోంచి నెమ్మదిగా గాలి ఎక్కుతుంది. రేకు టిన్నులకి మన గాలికి తుప్పు కూడా పడుతుంది. బయట చుక్కలా కనిపిస్తుంది, లోపలి అంచున అప్పటికే చిల్లు పడి ఉంటుంది. గుండ్రటి టిన్ను కొనేటప్పుడు మూత మధ్యలో బొటనవేలితో నొక్కి చూడమనండి. లోపలికి పీల్చుకుపోయి గట్టిగా ఉంటే సీలు ఉన్నట్టే. టిక్కుటిక్కుమని పైకీ కిందికీ ఆడితే పక్కన పెట్టేయమనండి. ఇంటికొచ్చాక మూత సందులో రూపాయి బిళ్ల దూర్చి తిప్పితే 'టుస్'మని గాలి చప్పుడు రావాలి.

ఒక్కోసారి మూత ఉబ్బి ఉంటుంది. వేడికి లోపల మార్పులు వేగంగా జరిగి గాలి పుట్టిందన్నమాట. ఉబ్బినదల్లా పాడైనట్టు కాదు గానీ, తీశాక వాసన చూడకుండా మాత్రం కాల్చకండి.


మిర్చియార్డు మూర్తి
ఆదివారం, రాత్రి 7:15

నాది మిర్చి వ్యాపారం. పైపు కాల్చను. పురుగు మాట వస్తుందేమో అని చూస్తున్నా, ఎవరూ ఎత్తలేదు. పొగాకు పురుగు అంటారు, ఎర్రగోధుమ రంగులో 2, 3 మిల్లీమీటర్లు ఉండి, గూని వేసుకుని నడుస్తుంది. పేరుకే పొగాకు పురుగు, ఎండుమిర్చి, ధనియాలు, పసుపు అన్నీ తింటుంది. మా కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, పెట్టేది రంగు నిలవడానికే కాదు, దీని కోసం కూడా. వేడిగా ఉంటే తొందరగా పిల్లలు పెడుతుంది, చల్లటి చోట కదలదు.

మీరు పొగాకు సీసా వంటింటి అలమరలో మిరపకాయల డబ్బా పక్కన పెట్టారనుకోండి, రెండింటికీ ఒకటే పురుగు. ఆకు మీద గుండుసూది గుచ్చినట్టు చిల్లులు, సీసా అడుగున సన్నటి గోధుమరంగు పొడి కనిపిస్తే అదే.


ఆకు బాబాయ్
ఆదివారం, రాత్రి 8:00

మూర్తిగారు సరిగ్గా పట్టుకున్నారు. మా గోడౌన్లలో దీనికి మందు బిళ్లలు పెట్టి టార్పాలిన్ కప్పేవాళ్లం, శిక్షణ ఉన్నవాళ్లు చేసే పని అది. ఇంట్లో ఆ బిళ్లల జోలికి అస్సలు పోవద్దు. ఆ వాయువు మనుషుల్నే చంపుతుంది.

ఇంట్లో అయితే సీసా మూత గట్టిగా బిగించి, డీప్ ఫ్రీజర్‌లో ఓ వారం ఉంచండి. గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీయగానే మూత తీయకూడదు, ఒక రోజు కింద ఫ్రిజ్‌లో, ఆ తర్వాత గదిలో ఉంచి, సీసా బయట చెమట పూర్తిగా ఆరాక తీయాలి. గడ్డకట్టి ఉండగా కదిలిస్తే ఆకు పొడుం అవుతుంది. సీలు టిన్ను విషయంలో ఇదేమీ అక్కర్లేదు.


కృష్ణలంక కుర్రాడు
ఆదివారం, రాత్రి 8:45

బాబాయ్, ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచేస్తే పోలా? నేనైతే అలాగే పెడుతున్నా.


ఆకు బాబాయ్
ఆదివారం, రాత్రి 9:05

పెట్టొచ్చురా అబ్బాయ్, గాలి చొరని సీసా అయితే. కానీ రోజూ తీసి, మూత తెరిచి, మళ్లీ పెడుతుంటే ప్రతిసారీ లోపల చెమట పడుతుంది. రోజూ వాడేది బయట చిన్న సీసాలో ఉంచుకో. పైగా ఫ్రిజ్‌లో మాగదు. మాగడానికి ఓ మాదిరి వెచ్చదనం కావాలి. వర్జీనియా అయితే ఏళ్లు గడిచే కొద్దీ బాగుంటుంది. లటాకియా ఉన్నవాటికి ఆ పొగవాసన నెమ్మదిగా తగ్గిపోతుంది. వెనిల్లా, చెర్రీ రకాలు మాగేవి కావు, పైన చల్లిన వాసన ఎగిరిపోకముందే కాల్చెయ్యాలి.


కృష్ణలంక కుర్రాడు
ఆదివారం, రాత్రి 9:12

మరి రోహిణి కార్తెలో? రోళ్లు పగిలే ఎండకి సీసా ఏం కావాలి?


ఆకు బాబాయ్
ఆదివారం, రాత్రి 9:30

ఆ కొన్ని వారాలూ ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో, గోడకి ఆనకుండా, కింది అరలో. వెలుతురు తగలకూడదు. వేడి చేసినంత మాత్రాన చెడుతుందని కాదు. కంపెనీలవాళ్లే వర్జీనియాని ఆవిరి మీద ఉడికించి నల్లగా చేసి అమ్ముతారు. కానీ వాళ్లు గంట లెక్కపెట్టి చేస్తారు, మన శ్లాబు లెక్కపెట్టదు.

ఇంకో మాట. బీరువాలో పెట్టేవాళ్లు కలరా ఉండలు ఉన్నాయేమో చూసుకోండి. అగరుబత్తీలు, కర్పూరం ఉండే పూజ అలమర కూడా వద్దు. ఆకు చుట్టూ ఉన్న వాసనంతా పీల్చేసుకుంటుంది.


సత్యనారాయణపురం సరస్వతి
సోమవారం, ఉదయం 7:20

మా నాన్నగారు పైపు కాలుస్తారు, వారి తరఫున అడుగుతున్నాను. వారి పాత టిన్నులో ముక్కల మీద తెల్లగా ఏదో కట్టింది. నేను బూజనుకుని పారేయబోతే ఒప్పుకోలేదు. ఎలా తెలుస్తుంది?


లూజు లింగం
సోమవారం, ఉదయం 7:50

అమ్మా, ఫోన్ టార్చి పక్కనుంచి వాలుగా వేసి చూడండి. చక్కెర రవ్వలా మెరుస్తూ, ఆకుకి అంటుకుపోయి ఉంటే అవి పాతబడ్డ వర్జీనియా మీద కట్టే స్ఫటికాలు, నాన్నగారిదే గెలుపు. మెరవకుండా నూగులా పైకి లేచి, ముక్క నుంచి ముక్కకి దారం సాగినట్టు ఉంటే బూజు. వాసన కూడా చెబుతుంది. తడిసిన గోనెసంచి వాసన వస్తే మొత్తం పారేయాల్సిందే, పై ముక్కలు ఏరేస్తే సరిపోదు. ఆ టిన్ను కూడా మళ్లీ వాడకండి.


సత్యనారాయణపురం సరస్వతి
సోమవారం, ఉదయం 8:25

మెరుస్తోంది. ఇక ఈ పూటకి నాన్నగారిని పట్టలేం.


బ్రాడీపేట బావమరిది
సోమవారం, ఉదయం 9:00

బావగారికి నాలుగు టిన్నులు చెప్పేశాను, రెండు వర్జీనియా పెరీక్, రెండు లటాకియా మిశ్రమం. డన్‌హిల్ వాళ్లు 2018లో పైపు పొగాకు ఆపేశాక ఆ పాత మిశ్రమాలు పీటర్సన్ పేరుతో వస్తున్నాయట కదా, అందులో నైట్‌క్యాప్ ఒకటి. అక్క "నా పెట్టెలో పచ్చళ్ల సీసాలు తప్ప ఏం పెట్టను" అంది. కానీ ఆవిడ వచ్చేటప్పుడు పచ్చళ్లుండవు, వెళ్లేటప్పుడే ఉంటాయి, కాబట్టి ఆశ ఉంది.

టిన్ను తెరిచాక ఏ సీసాలోకి మార్చాలి? ఆవకాయ జాడీ ఒకటి ఖాళీగా ఉంది.


లూజు లింగం
సోమవారం, ఉదయం 9:35

జాడీ వద్దు, దానికి గుడ్డ కట్టుకోవాల్సిందే, గాలి ఆగదు. రబ్బరు వాషరున్న గాజు సీసా కావాలి. ఒక టిన్ను పొగాకు 250 మిల్లీలీటర్ల సీసాకి సరిగ్గా పడుతుంది. పెద్ద సీసాలో కొంచెం వేస్తే మిగతాదంతా గాలే. సీసా మరిగే నీళ్లలో వేసి తీసి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి, లోపల ఒక్క తడి చుక్క కూడా ఉండకూడదు. పాత పచ్చడి సీసా అయితే మూత కొత్తది కొనండి. గాజుకి వాసన పట్టదు, మూత లోపలి పొరకి పడుతుంది, ఎంత తోమినా పోదు. మూత మీద రకం పేరూ తెరిచిన నెలా రాసి అతికించండి, ఆర్నెల్ల తర్వాత ఏది ఏదో తెలీదు.

ఎండిపోతే బంగాళాదుంప తొక్కలు, యాపిల్ ముక్కలు వేయమని ఎవరైనా చెబుతారు, వినకండి. మన వాతావరణానికి అది బూజుకి పిలుపు. వానాకాలం సాయంత్రం పొగాకు పళ్లెంలో పరిచి, పల్చటి గుడ్డ కప్పి, బాల్కనీలో ఓ గంట పెట్టండి. విజయవాడ గాలే దాన్ని మెత్తబరుస్తుంది.


ఆకు బాబాయ్
సోమవారం, ఉదయం 10:10

పదును చూసే పద్ధతి: చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి వదలండి. మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉంది. ముద్దలా ఉండిపోతే కాసేపు ఆరనివ్వండి. కరకరమంటే లింగం చెప్పిన బాల్కనీ. తీపి రకాల్లో కొన్నిటికి తడి ఆరకుండా మందు కలుపుతారు, వాటిని ఎంత ఆరబెట్టినా జిగురు పోదు. నువ్వు చెప్పిన ఆ ముద్ద పౌచ్ అదే అయ్యుంటుంది.


చర్చ నిర్వాహకుడు
సోమవారం, ఉదయం 11:00

ఇద్దరు ముగ్గురు "ఒక టిన్ను నాకిస్తారా, ఎంత?" అని రాసిన పోస్టులు తీసేశాను. ఇక్కడ అమ్మకాలు, కొట్ల ప్రచారం కుదరవు. పొగాకు ప్రకటనల మీద 2003 చట్టం ఉంది. 18 ఏళ్ల లోపువాళ్లు ఈ విభాగంలోకి రావొద్దు.


లంకాకు
సోమవారం, మధ్యాహ్నం 12:15

నా పోస్టు తీసేశారా? నేను అడిగింది టిన్ను కాదండీ, ఖాళీ టిన్ను. మా అబ్బాయి పాత నాణేలు పోసుకుంటాడు.


బ్రాడీపేట బావమరిది
సోమవారం, మధ్యాహ్నం 12:40

ఖాళీ అయ్యాక నాలుగూ మీకే లంకాకు గారూ. అరండల్‌పేట వైపు ఎప్పుడొచ్చినా చెప్పండి, తెచ్చిస్తాను. కాకపోతే కాస్త ఓపిక పట్టాలి, ఇంకా డల్లాస్‌లో కొననే లేదు.